వణికే చేతులన్నీ ఒకటేనా?

కొన్నేళ్ళ క్రితం మాట. మా పాఠశాల తొమ్మిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని గౌతమి దాటి విజ్ఞానయాత్రకు బయలుదేరాను. ముక్తేశ్వరం రేవుకు పంటు ఇంకా రాలేదు. ఒడ్డున టీ దుకాణం బల్లమీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకాయన ఊరికే కూర్చున్నాడు. ఒళ్ళో పెట్టుకున్న కుడిచెయ్యి వణుకుతోంది. రెండో ఆయన పేపరు పట్టుకుని చదువుతున్నాడు. ఆయన చేతులతోబాటు పేపరూ వణుకుతోంది.

"మాస్టారండీ, ఇద్దరికీ పార్కిన్సన్ జబ్బేనండీ. మా మామ్మకీ అదే వచ్చిందని మా వీధిలో అందరూ అంటున్నారండీ" అంది ఒక అమ్మాయి మెల్లగా.

"తీర్పు చెప్పేముందు ఇంకాస్త చూడమ్మా. వాళ్ళు నొచ్చుకోకుండా చూడు" అన్నాను.

ఇంతలో టీ వచ్చింది. మొదటి ఆయన చెయ్యి చాపి గ్లాసు అందుకోగానే వణుకు దాదాపు ఆగిపోయింది. కాని ఆ చెయ్యి నోటిదాకా వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. ముఖంలో ఏ మార్పూ లేదు. రెండో ఆయన పేపరు మడిచి పక్కన పెట్టగానే చేతులు నిశ్చలంగా ఉన్నాయి. గ్లాసు పైకెత్తేసరికి మళ్ళీ వణుకు! టీ తొణికి పంచెమీద పడింది. ఆయన నవ్వుకుంటూ తుడుచుకుని, పంటు రాగానే చకచకా నడిచి ఎక్కేశాడు. మొదటి ఆయన చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ అందరికంటే చివర ఎక్కాడు.

చూశారా! ఒకరికి చెయ్యి ఊరుకున్నప్పుడు వణుకు, మరొకరికి పని చేసేటప్పుడు వణుకు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. దగ్గరగా గమనిస్తే పూర్తిగా వేరు. పార్కిన్సన్ వ్యాధిలా కనబడుతూ పార్కిన్సన్ కాని జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని నయమయ్యేవి కూడా. అందుకే ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

లండన్ వైద్యుడు ఏం చూశాడు?

జేమ్స్ పార్కిన్సన్ లండన్ నగరంలో వైద్యుడు. 1817లో ఆయన ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. అందులో ఆరుగురు రోగులను వర్ణించాడు. వారిలో కొందరు ఆయనకు వీధిలో కనబడినవారే. అప్పటికి స్కానింగ్ యంత్రాలు లేవు, రక్తపరీక్షలు లేవు. ఆయనకున్న సాధనాలు రెండే: కళ్ళు, ఓపిక. ఊరుకున్నప్పుడు వణికే చెయ్యి, ముందుకు వంగిన శరీరం, పరుగులా మారే చిన్న అడుగులు – ఇవన్నీ వేరు వేరు బాధలు కావనీ, ఒకే వ్యాధి లక్షణాలనీ ఆయన గుర్తించాడు. ఆ తరవాత ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఈ జబ్బుకు పార్కిన్సన్ పేరు స్థిరపరిచాడు. మన ఆయుర్వేదం వణుకు ప్రధానంగా ఉండే జబ్బును కంపవాతం అంది.

ఈ వ్యాధి సాధారణంగా శరీరంలో ఒక పక్క మొదలవుతుంది. వణుకు సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు ఉంటుంది. కండరాలు బిగుసుకుంటాయి. ప్రతి పనీ మందగిస్తుంది. చొక్కా బొత్తాములు పెట్టుకోవడానికే పది నిమిషాలు పట్టవచ్చు. రాసేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతాయి. కొందరికి వణుకు రాకముందే, ఎన్నో ఏళ్ళ కిందటే, వాసనలు తెలియడం తగ్గిపోతుంది. మరికొందరికి వణుకే ఉండదు. అంటే వణుకు ఉన్నంతమాత్రాన పార్కిన్సన్ అనలేం, వణుకు లేనంతమాత్రాన కాదనీ అనలేం.

కాలువ, తూము, చేను

మెదడులో ఏం జరుగుతుందో తెలియాలంటే మన కోనసీమ కాలువలను గుర్తు చేసుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీరు కాలువల్లో ప్రవహించి, తూముల గుండా బోదెల్లోకి దిగి, చేలకు చేరుతుంది. నీరు అందితేనే చేను పండుతుంది.

మధ్యమెదడులో 'నల్ల పదార్థం' అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి నాడీకణాలు డోపమైన్ అనే రసాయనాన్ని తయారు చేస్తాయి. ఇది మన కథలో నీరు. ఆ కణాల పొడుగాటి తంతువులు కాలువలు. అవి మెదడు లోతుల్లో ఉన్న స్ట్రయేటం అనే భాగానికి చేరతాయి. అది మన చేను. అక్కడి కణాలమీద డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలు ఉంటాయి. అవి తూములు. నీరు సరిగా అందితే మన కదలికలు తడబాటు లేకుండా సాగుతాయి.

పార్కిన్సన్ వ్యాధిలో దెబ్బతినేది ముఖ్యంగా నీరు వచ్చే చోటు. నల్ల పదార్థంలోని కణాలు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా నశిస్తాయి. లక్షణాలు బయటపడేసరికే ఎన్నో కణాలు పోయి ఉంటాయి. చేను బాగానే ఉంది, తూములు తెరిచే ఉన్నాయి, నీరే లేదు. కనక బయటినుంచి నీరు పెడితే చేను కోలుకుంటుంది. డోపమైన్‌ను నేరుగా మింగితే అది రక్తంలోనుంచి మెదడులోకి వెళ్ళలేదు. దాని ముడిసరుకైన ఎల్-డోపా వెళ్ళగలదు. అక్కడ డోపమైన్‌గా మారుతుంది. 1967లో అమెరికాలో జార్జ్ కాట్జియాస్ ఎల్-డోపాను కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ ఇచ్చి మంచి ఫలితాలు చూపించాడు. ఇప్పటికీ ముఖ్యమైన మందు ఇదే. ఇది బాధను తగ్గిస్తుందే గాని నశించిన కణాలను తిరిగి తేలేదు.

ఇక్కడ మన ఘనత ఒకటి చెప్పాలి. మీలో చాలామందికి దూలగొండి తెలుసు. ఆ కాయల నూగు ఒంటికి తగిలితే దురద. ఆ గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి చూపించారు. అప్పట్లో మన జిల్లాలూ మద్రాసు రాజధానిలోనివే. అయితే ఏ గింజలో మందు ఎంత ఉందో కంటికి తెలియదు. ఎవరూ ఆ గింజలు నూరి మింగకూడదు.

ఇక పోలికగల జబ్బుల సంగతి చూద్దాం.

పని పట్టగానే వణుకు

రేవులో కనిపించిన రెండో ఆయన లక్షణాలు గుర్తున్నాయా? అలాంటి వణుకును ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. ఇది పార్కిన్సన్ కంటే చాలా ఎక్కువమందిలో కనబడుతుంది. గ్లాసు ఎత్తేటప్పుడు, సంతకం చేసేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేటప్పుడు వణుకు వస్తుంది. చాలావరకు రెండు చేతులకూ ఉంటుంది. ఒక్కొక్కరికి తల అడ్డంగా ఊగుతుంది, గొంతు వణుకుతుంది. తండ్రికి, తాతకు కూడా ఉందని చాలామంది చెబుతారు. అక్షరాలు చిన్నవి కావు, వంకరటింకరగా పెద్దవవుతాయి. నడక, చురుకుదనం మామూలుగానే ఉంటాయి. ఇది డోపమైన్ కొరత కాదు. కనక ఎల్-డోపా పనిచెయ్యదు. దీనికి మందులు వేరు.

తూము మూసిన మాత్రలు

కాలువ నిండా నీరు ఉంది. చేను బాగుంది. కాని ఎవరో తూము తలుపు దించేశారు. అప్పుడూ చేను ఎండుతుంది! కొన్ని మందులు ఇలాగే డోపమైన్ గ్రాహకాలను మూసివేస్తాయి. మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్ వంటివి, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, కళ్ళు తిరగడానికి వాడే సినరిజిన్, ఫ్లునరిజిన్ ఈ కోవలోవి. ఇవి చెడ్డ మందులు కావు. అవసరమైనప్పుడు, అవసరమైనంతకాలం వాడితే మేలు చేస్తాయి. నెలల తరబడి వాడినవారిలో, ముఖ్యంగా వయసు మళ్ళినవారిలో, కొందరికి ఒళ్ళు బిగుసుకుని, నడక మందగించి, అచ్చం పార్కిన్సన్‌లా తయారవుతుంది. వైద్యుడు మందు ఆపిస్తే చాలామంది వారాల్లోనో నెలల్లోనో కోలుకుంటారు.

ఈ రహస్యం బయటపడడంలో మన దేశపు మొక్క ఒకటి పాలు పంచుకుంది. సర్పగంధ వేరులోనుంచి 1952లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. దాన్ని రక్తపోటుకు వాడారు. అది తీసుకున్నవారిలో కొందరు మందకొడిగా, బిగుసుకుపోయినట్టు అయ్యేవారు. రిసర్పిన్ తూము మూయదు, నాడీకణాల్లో నిలవ ఉన్న డోపమైన్‌నే ఖాళీ చేస్తుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వేలవేసి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఇంజెక్షన్ ఇవ్వగానే కాసేపట్లో లేచి తిరిగాయి. మన కదలికలకు డోపమైన్ ఎంత ముఖ్యమో ఆ ప్రయోగం చాటింది. 2000 సంవత్సరంలో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

చౌడు తేలిన చేను

సముద్రం చేరువలో కొన్ని చేలకు ఉప్పు తేలుతుంది. అలాంటి చేనికి ఎంత నీరు పెట్టినా పైరు కోలుకోవడం కష్టం. మెదడులో లోహాలు పేరుకుంటే ఇలాంటి స్థితే వస్తుంది.

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదట 1892లో విజయనగరం ప్రాంతంలోనే ప్రారంభమైంది. ఉక్కు తయారీకి ఈ లోహం తప్పనిసరి. మన శరీరానికి కూడా ఇది రవ్వంత కావాలి. కాని దాని ధూళిని ఏళ్ళ తరబడి పీల్చితే మెదడులో చేరి కూర్చుంటుంది. 1837లోనే జాన్ కూపర్ అనే వైద్యుడు స్కాట్లండులో మాంగనీసు ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల్లో ఈ జబ్బు గుర్తించాడు. వీరిలో వణుకు తక్కువ. మునివేళ్ళమీద కోడిపుంజులా నడుస్తారు, వెనక్కి పడిపోతారు. ఎల్-డోపా వీరికి అంతగా ఉపకరించదు. ఎందుకంటే ఇక్కడ చెడినది ఎక్కువగా చేను. ధూళి లేవకుండా నీళ్ళు చల్లడం, ముక్కుకు రక్షణ తొడుగులు ఇవ్వడం – ఈ జబ్బుకు అసలైన వైద్యం ఇదే.

నేను చేసిన పొరపాటు

రెండో లోహం రాగి. దాని సంగతి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

సుమారు ఇరవై ఏళ్ళ క్రితం నా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ముత్యాలవంటి దస్తూరీ. తొమ్మిదో తరగతి సగంలోకి వచ్చేసరికి రాత పాడైంది. అక్షరాలు గీతలు దాటేవి. మాట ముద్దగా వచ్చేది. నోటివెంట చొంగ కారి నోటుపుస్తకం తడిసేది. శ్రద్ధ తగ్గిందనుకున్నాను. ఒకరోజు అందరిముందూ నిలబెట్టి మందలించాను. అతను తల దించుకుని నిలబడ్డాడు. చాపిన చెయ్యి రెక్క కొట్టుకున్నట్టు ఊగుతూనే ఉంది. అది చూసి కూడా నాకు అర్థం కాలేదు.

కొన్ని నెలల తరవాత పట్నంలో నరాల వైద్యుడు ప్రత్యేకమైన దీపంతో ఆ పిల్లవాడి కళ్ళు పరీక్షించాడు. నల్లగుడ్డు అంచున గోధుమ, ఆకుపచ్చ కలిసిన వలయం ఉంది. అది విల్సన్ వ్యాధి. 1912లో కినియర్ విల్సన్ అనే వైద్యుడు దీనిని వర్ణించాడు.

మనం తినే ఆహారంలో కొద్దిగా రాగి ఉంటుంది. ఎక్కువైన రాగిని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఆ పని చేయించే జన్యువు లోపిస్తే రాగి కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుంటుంది. పదమూడో క్రోమోజోములో ఉన్న ఆ జన్యువును 1993లో కనుగొన్నారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి – రెండు ప్రతులూ లోపించినవైతేనే జబ్బు వస్తుంది. ఒక్కటే లోపిస్తే మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికంలో భార్యాభర్తలు ఒకే తాత మామ్మల వారసులు కనక, ఇద్దరిలోనూ ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. ఆ కుర్రవాడి తల్లిదండ్రులది మేనరికమే.

పార్కిన్సన్ ఎక్కువగా పెద్దవయసులో వస్తే, విల్సన్ వ్యాధి తరచు మీ వయసులోనే బయటపడుతుంది. దీనికి మందు ఉంది. 1956లో జాన్ వాల్ష్ పెనిసిలమైన్ అనే మందు రాగిని మూత్రంలో బయటికి పంపగలదని చూపించాడు. జింకు లవణాలు ఆహారంలోని రాగి ఒంటికి పట్టకుండా ఆపుతాయి. మందు జీవితాంతం వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

ఆ కుర్రవాడు చాలావరకు కోలుకున్నాడు. ఇప్పుడు కొబ్బరికాయల వ్యాపారంలో లెక్కలు చూసుకుంటున్నాడు. దస్తూరీ మాత్రం మునుపటిలా కాలేదు. అతని చెల్లెలికి ఏ బాధా లేకపోయినా వైద్యులు పరీక్ష చేయించారు. ఆమెకూ అదే లోపం ఉంది. వెంటనే మందు మొదలుపెట్టారు. ఆమెకు జబ్బు లక్షణాలు రానేలేదు. ఆ ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "మీకెలా తెలుస్తుందండీ మాస్టారూ" అంది ఆ తల్లి. నిజమే, జబ్బు పేరు నాకు తెలియకపోవచ్చు. కాని చక్కగా రాసే పిల్లవాడి రాత ఎందుకు చెడిందని అడగవలసింది. ఆ పని చెయ్యలేదు.

మురుగు పోని చేను

వర్షాలకు మురుగు కాలువ పూడితే మన చేలు ఎలా మునుగుతాయో మీకు చెప్పక్కర్లేదు. మెదడు లోపలి గదుల్లో ఒక ద్రవం నిత్యం ఊరుతూ, బయటికి పోతూ ఉంటుంది. కొందరు వృద్ధుల్లో అది సరిగా పోక గదులు ఉబ్బుతాయి. అప్పుడు పాదాలు నేలకు అంటుకున్నట్టు నడుస్తారు, మూత్రం ఆపుకోలేరు, మతిమరుపు వస్తుంది. ఈ మూడూ కలిసి కనబడితే వైద్యులు స్కానింగ్ తీయిస్తారు. సన్నని గొట్టం అమర్చి ద్రవాన్ని కడుపులోకి మళ్ళిస్తే చాలామంది నడక బాగుపడుతుంది.

ఇంకొక జబ్బును 1964లో కెనడా వైద్యులు ముగ్గురు వర్ణించారు. దాని పేరు ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ. ఇందులో చూపు కిందికి దిగదు. విస్తరిలో అన్నం, కాలికింద మెట్టు కనబడక ఇబ్బంది పడతారు. మొదట్లోనే వెనక్కి పడిపోతుంటారు. దీన్ని నయం చేసే మందు ఇంకా రాలేదు. అయినా సరిగా గుర్తిస్తే పడి ఎముకలు విరగకుండా కాపాడుకోవచ్చు.

మీరేం చెయ్యగలరు?

ముందు ఒక చిన్న ప్రయోగం. చెయ్యి ముందుకు చాపి, వేళ్ళమీద పలుచని కాగితం పరవండి. దాని అంచును జాగ్రత్తగా చూడండి. సన్నగా వణుకుతోంది కదూ? భయపడకండి. ప్రతి మనిషికీ సహజంగా ఇంత వణుకు ఉంటుంది. మెట్లు గబగబా ఎక్కి వచ్చి మళ్ళీ చూడండి. వణుకు పెరుగుతుంది. కాఫీ, భయం, ఆకలి, థైరాయిడ్ గ్రంథి ఎక్కువగా పనిచెయ్యడం కూడా దీనిని పెంచుతాయి.

ఇక ఇంట్లో పెద్దవారికెవరికైనా వణుకు, మందకొడితనం కనబడితే జబ్బు పేరు మీరు పెట్టకండి. ఇవి మాత్రం కాగితంమీద రాయండి:

1. వణుకు ఊరుకున్నప్పుడా, పని చేసేటప్పుడా?
2. ఒక పక్కనా, రెండు పక్కలా? ఎప్పటినుంచి?
3. ఎన్నిసార్లు పడ్డారు? ముందుకా, వెనక్కా?
4. ఏయే మాత్రలు, ఎంతకాలంగా వాడుతున్నారు? (ఖాళీ అట్టలు కూడా దాచండి.)
5. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?

ఈ కాగితం వైద్యుడికి ఇవ్వండి. ఏ మందూ మీ అంతట మీరు ఆపవద్దు. కొన్నిటిని హఠాత్తుగా మానితే ప్రమాదం.

రేవులో మాట్లాడిన అమ్మాయి ఇలాంటి కాగితమే రాసింది. వాళ్ళ మామ్మకు బిగుతు, వణుకు రెండు చేతులకూ ఒకేసారి మొదలయ్యాయి. కళ్ళు తిరగడానికి ఎప్పుడో ఇచ్చిన మాత్రలను, పాత చీటీ చూపించి కొనుక్కుంటూ, పది నెలలుగా వేసుకుంటోంది. వైద్యుడు ఆ వరస చదివి ఆ మాత్ర ఆపించాడు. ఆ ధనుర్మాసంలో ఒక ఉదయం ఆ అమ్మాయి బడికి రాగానే నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"మాస్టారండీ! ఇవాళ మా వాకిట్లో ముగ్గు మామ్మే వేసిందండీ!"